వెన్ను కీహోల్ సర్జరీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: కోత చిన్నది కాబట్టి ఆపరేషనూ చిన్నదే.

కోత 2-3 సెంటీమీటర్లే ఉంటుంది. ఎండోస్కోపీతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో చేస్తే అంత కూడా ఉండదు. కానీ లోపల పని అదే, నరాన్ని నొక్కుతున్న డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేది) ముక్కను తీయాలి. మారింది దారి. పాత పద్ధతిలో కండరాన్ని ఎముక నుంచి విడదీసేవాళ్లం. ఇప్పుడు కండరం పోగులను పక్కకు జరిపి సన్నని గొట్టం దించుతాం. అందుకే రక్తం తక్కువ పోతుంది, చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్తారు. ఏడాది తర్వాత చూస్తే మాత్రం రెండు పద్ధతుల ఫలితాల్లో పెద్ద తేడా ఉండదు. కోత ఎంత అని అడిగే ముందు, నాకు ఆపరేషన్ అవసరమా అని అడగండి.

అపోహ: డిస్క్ జారితే ఆపరేషన్ తప్పదు.

ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. బయటికొచ్చిన ముక్కను చాలాసార్లు శరీరమే కరిగించుకుంటుంది. అయితే మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలి బలం వేగంగా పడిపోతున్నా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపోహ: అంతా లేజర్‌తోనే చేస్తారు.

సాధారణంగా కాదు. మైక్రోస్కోప్‌లోనో కెమెరాలోనో చూస్తూ చిన్న పరికరాలతో చేస్తాం.

అపోహ: నడుముకు ఆపరేషనంటే కాళ్లు పడిపోతాయి.

ఈ భయంతోనే చాలామంది ఏళ్ల తరబడి బాధపడతారు. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోని ఎల్1-ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది. డిస్క్ ఎక్కువగా జారేది ఇంకా కిందనున్న ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 దగ్గర. అక్కడ ఉండేవి నరాల వేర్లు. నరం దెబ్బతినడం, నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, ఇన్‌ఫెక్షన్ లాంటి రిస్కులు ఉన్నాయి, అవి ముందే వివరంగా చెప్పించుకోండి. కాళ్లు పూర్తిగా పడిపోవడం చాలా అరుదు.

అపోహ: మత్తు దిగేసరికి బాధలన్నీ పోవాలి.

కాలిలోకి లాగే నొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. తిమ్మిరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పాదం ఎత్తలేని బలహీనత ఇంకా నెమ్మదిగా కోలుకుంటుంది, కొందరిలో పూర్తిగా పోదు. నడుము నొప్పి సంగతి వేరు. డిస్క్ ముక్క తీసేది ముఖ్యంగా కాలి నొప్పి కోసమే. మొదటి వారాల్లో నొప్పి కాస్త తిరగబెడితే సర్జరీ ఫెయిలైందని టెన్షన్ పడకండి, నరం వాపు తగ్గడానికి టైం పడుతుంది. రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి.

అపోహ: నెల రోజులు మంచం దిగకూడదు.

సాధారణంగా అదే రోజు నడిపిస్తాం. ఇంటి దగ్గర కూడా రోజూ పలుమార్లు, కొద్దికొద్దిగా నడవాలి. డిస్క్ పైపొర మానేదాకా, అంటే కొన్ని వారాలు, వంగి బరువులెత్తడం, నడుము మెలితిప్పడం వద్దు. డిస్క్ మళ్లీ జారే అవకాశం కొంత ఉంటుంది. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుము మీద ఒత్తిడి పడుతుంది. నీళ్లు, పీచు పదార్థాలు బాగా తీసుకోండి. స్క్రూలు వేసి పూసలు కలిపే ఫ్యూజన్ అయితే ఎముక అతుక్కోవడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో సిగరెట్ అసలు ముట్టకండి, ఎముక అతుక్కోకుండా చేస్తుంది. జ్వరం వచ్చినా, కుట్ల నుంచి నీరు కారినా, పిక్క వాచినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి.