గోడల్లేని ఇల్లు, బిల్డింగ్ కోడ్ వర్తించని ఇల్లు

ఫ్లోరిడా తుపాన్ల రాష్ట్రం. 1992లో ఆండ్రూ తుపాను వేల ఇళ్లను నేలమట్టం చేశాక అక్కడ నిర్మాణ నిబంధనలు బాగా బిగిశాయి. అయినా అమెరికా మూలవాసులైన సెమినోల్, మికసూకీ తెగలవాళ్లు కట్టే ‘చికీ’ అనే గోడల్లేని ఆకుల ఇంటికి రాష్ట్ర బిల్డింగ్ కోడ్ వర్తించదు. ఇదేదో ఉదారంగా ఇచ్చిన రాయితీ అనుకుంటే పొరపాటు.

18వ శతాబ్దంలో సెమినోల్‌లు ఉత్తర ఫ్లోరిడాలో దుంగల ఇళ్లలో, మొక్కజొన్న చేలతో, పశువుల మందలతో స్థిరంగా బతికారు. 1830లో వచ్చిన తరలింపు చట్టం వాళ్లను మిసిసిపీ నది అవతలికి పొమ్మంది. ‘మేం పోము’ అన్నారు వాళ్లు. 1835 నుంచి 1842 దాకా రెండో సెమినోల్ యుద్ధం నడిచింది. సైన్యం ఊళ్లనూ పంటలనూ తగలబెట్టింది. 1837లో తెల్లజెండా నీడన చర్చలకు వచ్చిన నాయకుడు ఒసియోలాను పట్టి బంధించింది. మరుసటి జనవరిలో ఆయన చెరలోనే కన్నుమూశాడు. దీన్ని నమ్మకద్రోహం అనే అనాలి. వేలమందిని ఇప్పటి ఓక్లహోమా ప్రాంతానికి తరలించారు. 1858లో మూడో యుద్ధం ముగిసేసరికి ఫ్లోరిడాలో మిగిలింది కొన్ని వందల మంది. వాళ్ల ఆశ్రయం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలు.

తరుముతున్న సైన్యానికి దొరక్కుండా తిరిగేవాళ్లకు దుంగల ఇల్లు పనికిరాదు. ఇల్లు త్వరగా లేవాలి, వదిలేసినా బాధ ఉండకూడదు. చికీ ఆ అవసరానికి సరిపోయింది. సైప్రస్ దుంగల బెరడు పూర్తిగా చెక్కేసి నిట్టాళ్లుగా పాతుతారు. బెరడు ఉంటే దాని కింద పురుగు చేరుతుంది. పైన వాసాలు పరిచి, సబాల్ అనే తాటిజాతి చెట్టు ఆకులను చూరు నుంచి మొదలుపెట్టి పైకి, వరస మీద వరస కప్పుతారు. వాలు నిటారుగా ఉండాలి. తగ్గితే వాన నీరు నిలిచి ఆకు కుళ్లిపోతుంది. నేలకు సుమారు 3 అడుగుల ఎత్తున మంచెలాంటి అరుగు వేస్తారు; కింద నీళ్లు, పాములు ఉన్నా పైన నిద్రపోవచ్చు. గోడలుండవు కాబట్టి గాలి ఆడుతుంది.

వంటకు వేరే చికీ. పొయ్యిలో దుంగలను బండి చక్రం ఆకుల్లా అమర్చి, కాలేకొద్దీ మధ్యకు జరుపుతారు. ఆ పొగ కప్పులోని పురుగును తోలేస్తుంది. ఈ చికీల గుంపు తల్లి వంశానిది. పెళ్లయ్యాక భర్తే భార్య ఇంటివాళ్ల దగ్గరికి వస్తాడు.

చట్టం ఈ ఇంటినే గుర్తించింది: గోడల్లేని చెక్క కట్టడం, ఆకుల కప్పు. అందులో కరెంటు తీగ లాగినా, నీళ్ల పైపు వేసినా మినహాయింపు పోతుంది.