ఎంఓయూ మీద సంతకం పడితే డబ్బు వచ్చినట్టేనా? విదేశీ పెట్టుబడులు: అపోహలు - వాస్తవాలు

ఏటా జనవరిలో, రాష్ట్ర ప్రభుత్వాలు కంపెనీలతో ఎంఓయూలు (అవగాహన ఒప్పందాలు) రాసుకునే దావోస్ సమావేశాలు మొదలవగానే నా ఫోన్ మోగడం ఎక్కువవుతుంది. "ఆడిటర్ గారూ, ఫలానా కంపెనీ మన జిల్లాకి వస్తోందంట, నిజమేనా? అక్కడ రెండొందల గజాలు తీసుకుందామనుకుంటున్నాం." హైదరాబాద్‌లో నా ప్రాక్టీసులో ఎక్కువ భాగం ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) వ్యవహారాలే. బయటి దేశం డబ్బు ఇక్కడి కంపెనీలోకి వాటాగా వచ్చినప్పుడు రిజర్వ్ బ్యాంకుకి పెట్టాల్సిన కాగితాల పనన్నమాట. అందుకని ఎవరొస్తున్నారో, ఎవరు రావట్లేదో నాకు ముందే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలియదండీ. వచ్చిందో లేదో ఎక్కడ చూడాలో మాత్రం తెలుసు. ఆ చూడటం మీరూ చేసుకోవచ్చు, పెద్దగా ఖర్చు లేకుండా.

అపోహ: ఎంఓయూ అయ్యింది, ఇన్ని వేల కోట్లు వచ్చేశాయి, ఇక ఆ చుట్టుపక్కల భూమి బంగారమే.

జనాన్ని నిజంగా ముంచేది ఇదే, అందుకే ముందు దీని సంగతి చూద్దాం. ఎంఓయూ అంటే పెళ్లిచూపులకి వచ్చి కాఫీ తాగి వెళ్లడం లాంటిది, దాన్ని చూసి ముహూర్తం పెట్టేసుకుంటే ఎలా? రేపు ఏదీ జరక్కపోతే కంపెనీ మీద గానీ ప్రభుత్వం మీద గానీ మామూలుగా కేసు ఉండదు, జరిమానా ఉండదు. పైగా పేపర్లో వేసే ఆ పెద్ద అంకె ఒక్క ఏడాదిది కాదు. అయిదేళ్లకో పదేళ్లకో, మొదటి దశ, రెండో దశ అన్నీ కలిపి చెప్పే మాట. అందులో ఇక్కడి బ్యాంకుల నుంచి తీసుకోబోయే అప్పు కూడా కలిసి ఉండొచ్చు. దావోస్ వేదిక మీద సంతకాలు పెట్టేవాళ్లలో మన దేశపు కంపెనీలూ బోలెడు. వాళ్లు హైదరాబాద్‌లోనే పెట్టొచ్చు ఆ సంతకం.

కొరియా ఉక్కు కంపెనీ పోస్కో సంగతి గుర్తుందా? 2005 జూన్‌లో ఒడిశా ప్రభుత్వంతో ఎంఓయూ. జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో ఏటా కోటీ ఇరవై లక్షల టన్నుల ఉక్కు, దాదాపు 52,000 కోట్ల రూపాయలు, అప్పటికి దేశంలోకే అతిపెద్ద విదేశీ పెట్టుబడి అన్నారు. భూమి గొడవలు, అటవీ అనుమతులు, ఇనుప ఖనిజం గనుల పేచీ, ఇలా పన్నెండేళ్లు నడిచి 2017లో ఆ భూమి మీరే తీసుకోండని కంపెనీ తప్పుకుంది. ఒక్క టన్ను ఉక్కు కూడా పోయలేదు. ఇందులో మోసమేమీ లేదు, కొరియా కంపెనీ నిజమైనదే, దాని డబ్బూ నిజమైనదే. అయినా రాలేదు.

అదే కొరియా నుంచి కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 జనవరిలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ట్రయల్ ప్రొడక్షన్, ఆగస్టుకల్లా సెల్టోస్ కారు మార్కెట్లో. 110 కోట్ల డాలర్లు, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. అనంతపురం లాంటి కరువు జిల్లాలో గొల్లపల్లి రిజర్వాయర్ నుంచి నీళ్లివ్వడం, భూమి చదును చేసి అప్పగించడం లాంటివి వెంటవెంటనే జరిగాయి కాబట్టి ఆ వేగం సాధ్యమైంది. సంతకం పెట్టిన రోజు ఫొటోలు చూస్తే పోస్కోకీ కియాకీ తేడా ఏం కనిపించదు. తేడా తెలిసేది ఆ తర్వాతే.

మా ఆవిడ తరఫు బాబాయి ఒకాయన ఉన్నారు, రిటైరైన హైస్కూలు మాస్టారు. ఒకరోజు బ్రోచర్ పట్టుకొచ్చారు. పైన విదేశీ కంపెనీ లోగో, కింద గూగుల్ మ్యాప్ మీద ఎర్రటి గీతతో "ప్లాంటుకి పది నిమిషాలు". బయానా అప్పటికే ఇచ్చేశారు. "అల్లుడు గారూ, మంత్రిగారే సంతకం పెట్టారు కదా, పేపర్లో ఫొటో కూడా పడింది" అన్నారు. నేను లాప్‌టాప్ తీసి, ఇక్కడ ప్లాంటు కట్టడానికని ఆ విదేశీ కంపెనీ వాళ్లు కొత్తగా రిజిస్టర్ చేసిన కంపెనీ పేరు ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో కొట్టి చూపించాను. ఆథరైజ్డ్ క్యాపిటల్ చాలా పెద్దదే. పెయిడప్ క్యాపిటల్ లక్ష రూపాయలు. "మామయ్య గారూ, మొదటిది వాళ్లు తెచ్చుకోగలిగిన హద్దు, రెండోది తెచ్చింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం గట్టిది: "మరి వెంచర్ వాళ్లకిది తెలీదా?" తెలుసండీ, ఎందుకు తెలీదు! బయానాలో సగం వెనక్కి వచ్చింది, అదీ ఆయన శిష్యుడొకడు ఆ ఊళ్లో పెద్దమనిషి కాబట్టి.

కాబట్టి ఎవరైనా ప్లాటు అంటే ముందు ఈ పని చేయండి. ఎంసీఏ సైట్‌లో కంపెనీ మాస్టర్ డేటా ఉచితం. పెయిడప్ క్యాపిటల్ పెరుగుతోందా చూడండి. ఇంకా లోతుగా కావాలంటే వంద రూపాయలు కట్టి పబ్లిక్ డాక్యుమెంట్లు తెరవొచ్చు, అందులో పాస్-3 అనే ఫారం ఉంటుంది, ఎవరికి ఎన్ని షేర్లు ఎంతకి ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. విదేశం నుంచి డబ్బు వస్తే అరవై రోజుల్లో షేర్లు ఇవ్వాలి, ఇచ్చిన ముప్ఫై రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకి ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం వెయ్యాలి. అంటే వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి కనపడకుండా ఉండదు. కొన్ని కంపెనీలకి ఇక్కడ పాత సంస్థ ఉంటుంది, దాని పేరు మీదే కడతారు, అప్పుడు క్యాపిటల్ చూస్తే ఏమీ తేలదు. అలాంటప్పుడు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో పర్యావరణ అనుమతికి దరఖాస్తు పడిందా, కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి వచ్చిందా, భూ కేటాయింపు ఉత్తర్వు ఉందా చూడండి. ఇవేవీ లేకుండా ఉన్నది ఫొటో ఒక్కటే అయితే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఇవన్నీ ఉన్నా కూడా ఆ వెంచర్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందో లేదో అడగండి, అది వేరే సంగతి, అయినా అడగండి.

అపోహ: విదేశీ డబ్బు వస్తే చాలు, అభివృద్ధి దానంతటదే వస్తుంది.

అసలు విదేశీ పెట్టుబడి లెక్కలోకి వచ్చేదంతా ఫ్యాక్టరీ కాదు. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లతో ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొంది. అందులో కంపెనీలోకి కొత్తగా వచ్చిన డబ్బు 200 కోట్ల డాలర్లు, మిగతాది పాత వాటాదారుల జేబుల్లోకి వెళ్లింది. చేతులు మారడం తప్పేం కాదు, కానీ దాన్ని చూసి ఉద్యోగాలు లెక్కేసుకోకూడదు.

ఫ్యాక్టరీయే వచ్చిందనుకుందాం. కోస్టారికాకి 1990ల చివర్లో చిప్‌ల కంపెనీ ఇంటెల్ వెళ్లింది. అంత చిన్న దేశానికి అది పండగే. 2014లో ఆ చిప్ అసెంబ్లీ పనిని ఆసియాకి తరలిస్తున్నామని ప్రకటించారు, దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. ఇంజినీరింగ్ విభాగం మిగిలింది, కొన్నేళ్లకి తయారీ మళ్లీ కొంత వచ్చింది, అది వేరే కథ. ఇంకోవైపు దక్షిణ కొరియా ఎదిగిన తొలి దశాబ్దాల్లో బయటివాళ్లకి వాటాలిచ్చింది తక్కువ, అప్పులు తెచ్చి సొంత కంపెనీలని పెంచింది ఎక్కువ.

నాకు వీటన్నిటికంటే నచ్చేది బంగ్లాదేశ్ కథ. 1979లో చట్టోగ్రామ్‌కి చెందిన దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ, కొరియా దేవూతో చేసుకున్న సహకార ఒప్పందం కింద 130 మందిని బూసాన్‌లోని ఫ్యాక్టరీకి పంపింది. ఆరు నెలలు అక్కడే ఉండి కటింగ్, కుట్టు, క్వాలిటీ, ఎగుమతి కాగితాలు నేర్చుకొచ్చారు. తర్వాత కొన్నేళ్లలో ఆ 130లో 115 మంది దేశ్‌ని వదిలేసి వేరే గార్మెంట్ కంపెనీల్లో చేరారు, కొందరు సొంతంగా పెట్టారు. దేశ్ యజమానికి అది తలనొప్పే అయ్యుంటుంది. దేశానికి మాత్రం ఒక పరిశ్రమే పుట్టింది. దేవూకి దక్కింది రాయల్టీ, కమిషన్. డాలర్ల లెక్కలో చూస్తే ఆ ఒప్పందం చాలా చిన్నది.

ఇది మన దగ్గర ఎందుకు అనుకున్నంత జరగదో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక క్లయింటు దగ్గర చూశాను. చిన్న మెషిన్ షాపు. కార్ల కంపెనీ వస్తోంది, విడిభాగాల ఆర్డర్లు వస్తాయి అని బ్యాంకు లోను మీద రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్లు దింపేశాడు. పెద్ద కార్ల కంపెనీ వస్తే దాని వెనకాలే సొంత దేశం నుంచి దాని సప్లయర్లూ వస్తారు, కియా వెంట వచ్చినట్టే. మనవాళ్లు చేరాలంటే ఆ సప్లయర్ల కింద మూడో మెట్టు మీద చేరాలి. కార్ల విడిభాగాల నాణ్యతకిచ్చే ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ ఉండాలి, శాంపిల్ ముక్కలు పంపి కొలతలన్నీ రాసి ఆమోదం తెచ్చుకోవాలి, ఇదంతా నెలలు పడుతుంది, ఈలోగా ఈఎంఐ మాత్రం ఆగదు. పాపం అతని టెన్షన్ చూళ్లేక మెషిన్లు జాబ్‌వర్క్‌కి తిప్పుకోమని నేనే ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేశాను. ఆ సర్టిఫికెట్ ఇప్పుడొచ్చింది, ఆర్డర్ ఇంకా రాలేదు.

అపోహ: నికర విదేశీ పెట్టుబడి సున్నాకి పడిపోయింది, అందరూ పారిపోతున్నారు.

వాట్సాప్‌లో తెగ తిరిగింది ఇది. 2024-25లో దేశంలోకి వచ్చిన మొత్తం ఎఫ్‌డీఐ (ప్రత్యక్ష విదేశీ పెట్టుబడి) సుమారు 8,100 కోట్ల డాలర్లు. పాత పెట్టుబడిదారులు అమ్ముకుని తీసుకెళ్లింది, మన కంపెనీలు బయట పెట్టింది తీసేస్తే రిజర్వ్ బ్యాంకు 2025 మే నాటి లెక్కలో మిగిలింది 35 కోట్ల డాలర్ల చిల్లర. అంకె నిజమే, దిగులు పడాల్సిన కోణమూ కొంత ఉంది. కానీ వెళ్లినదాంట్లో ఏముందో చూడండి. 2024 అక్టోబరులో హ్యుందాయ్ ఇండియా ఐపీఓ (షేర్లు తొలిసారి జనానికి అమ్మడం) 27,870 కోట్ల రూపాయలు, అదంతా కొరియా మాతృసంస్థ తన వాటాలో కొంత అమ్ముకున్నదే. డబ్బు సియోల్ వెళ్లింది, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీ మాత్రం కార్లు చేస్తూనే ఉంది. లాభం రాకముందే వడ్డీ కట్టమనే అప్పుకంటే ఇది నయం కాదా? 1991లో విదేశీ అప్పుల చెల్లింపుకి డాలర్లు లేక బంగారం విమానమెక్కించి తాకట్టు పెట్టిన దేశం మనది.

ఇక మిగతావి గబగబా. ఈస్టిండియా కంపెనీ మళ్లీ వచ్చిందనేవాళ్లకి: అప్పుడు పన్ను వసూలు చేసింది వాళ్లు, ఇప్పుడు కట్టేది వాళ్లు. ఎఫ్‌డీఐ, ఎఫ్‌పీఐ (విదేశీ పోర్ట్‌ఫోలియో పెట్టుబడి) ఒకటే అనేవాళ్లకి: లిస్టెడ్ (షేర్ మార్కెట్లో నమోదైన) కంపెనీలో పది శాతం గానీ ఆ పైన గానీ అయితే ఎఫ్‌డీఐ, లోపు అయితే ఎఫ్‌పీఐ, అన్‌లిస్టెడ్‌లో అయితే ఒక్క షేరైనా ఎఫ్‌డీఐయే. మారిషస్ నుంచి వచ్చేదంతా నల్లడబ్బే అన్న మాటకి 2017 ఏప్రిల్ నుంచి బలం తగ్గింది, షేర్ల లాభం మీద ఇక్కడ పన్ను వేసేలా ఆ దేశంతో ఉన్న పన్ను ఒప్పందం మార్చారు.

చివరగా డల్లాస్, న్యూజెర్సీ నుంచి అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టే తమ్ముళ్లకి. అన్నయ్య కంపెనీలో మీరు వాటా పెడితే, డబ్బు వెనక్కి తీసుకెళ్లను అనే పద్ధతిలో అయితే అది దేశీయ పెట్టుబడితో సమానం, ఎఫ్‌సీ-జీపీఆర్ అక్కర్లేదు. వెనక్కి తీసుకెళ్లే హక్కు కావాలంటే అది ఎఫ్‌డీఐ, అప్పుడు పైన చెప్పిన గడువులన్నీ వర్తిస్తాయి. ఫారం వేసే గడువు దాటితే జైలేమీ ఉండదు, కంగారు పడకండి, ఆలస్య రుసుము కట్టి వేసుకోవచ్చు. కాకపోతే ప్లాట్లు కొని అమ్మే వ్యాపారంలోకి ఎఫ్‌డీఐ కుదరదు, ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికీ లేదు. ఎఫ్‌డీఐ తీసుకున్న కంపెనీ ఏటా జూలై 15లోపు, విదేశీ ఆస్తి అప్పుల లెక్క చెప్పే ఎఫ్ఎల్ఏ రిటర్న్ కూడా రిజర్వ్ బ్యాంకుకి వెయ్యాలి, ఆ సంగతి మీ అన్నయ్యకి తెలుసో లేదో ఇవాళే ఒకసారి అడగండి.