ఎండిన గోలెంలో ఏముంటుంది?

దేవరకొండ దగ్గర మా ఊర్లో, మేనత్త ఇంటెనక ఒక సిమెంటు గోలెం ఉంది. ఇంటికి నల్లా వచ్చినా నీళ్లు పట్టి పెట్టుకునే అలవాటు పోలేదు. ఎండాకాలంలో అది వట్టిపోయి మూలకు పడి ఉంటే, వానలకు ముందే రుద్ది కడగమన్నాను. "ఎండిపోయిన గోలెంల ఏముంటదిరా, దుమ్ము తప్ప" అంది అత్త.

వాన పడ్డ నాలుగో రోజు ఫోన్ లైటు వేసి చూపించాను. వెలుతురు పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కు దిగిపోయాయి.

డెంగీ, చికున్‌గున్యా, జికా వైరస్‌లను మోసే ఏడిస్ దోమ నీటి అంచుకు కొంచెం పైన, తడిగోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఇంకిపోయినా గుడ్లు చావవు. నెలల తరబడి ఎండకు ఎండి, మళ్లీ నీళ్లు తగిలాక పొదుగుతాయి. వాటిలోంచి వచ్చిన పురుగే వారం పది రోజుల్లో దోమై రెక్కలు విప్పుతుంది. దీని చుట్టమైన టైగర్ దోమ ఇట్లాగే పాత టైర్లలో గుడ్ల రూపంలో ఓడలెక్కి ఖండాలు దాటింది. మన పంక్చర్ షాపు వెనక గుట్టగా పడి ఉండే టైర్లు కూడా దానికి ఇల్లే.

శుక్రవారం డ్రై డే అని ఊళ్లలో చెప్పేదాని వెనక లెక్క ఇదే: వారానికోసారి నీళ్లు పారబోస్తే పురుగు దోమ కాకముందే పోతుంది. కానీ గోడకు అంటిన గుడ్లు పోవాలంటే పీచు పెట్టి గట్టిగా రుద్దాల్సిందే. ఈ రుద్దుడు సంగతే ఎవరూ గట్టిగా చెప్పరు. ఫాగింగ్ బండి వచ్చిపోతే మాత్రం వీధంతా తృప్తి పడుతుంది. ఆ పొగ ఎగిరే దోమలకే. గోలెంలో పురుగుకు దానితో పనిలేదు, ఇంట్లో మంచం కింద, తగిలేసిన బట్టల వెనక కూర్చున్న దోమకు అది సరిగా అందదు. పైగా ఏడిస్ కుట్టేది పగటిపూట. రాత్రి కట్టుకునే దోమతెర మలేరియా దోమకు అడ్డుపడినట్టు దీనికి పడదు.

2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందిన డెంగీ కేసులు కోటీ 40 లక్షలు దాటాయి. అంతకుముందు ఏ ఏడాదీ అన్ని లేవు. 2025 జూలైలో ఆ సంస్థ డెంగీ, చికున్‌గున్యా, జికా, ఎల్లో ఫీవర్‌లు నాలుగింటికీ కలిపి చికిత్స మార్గదర్శకాలు ఇచ్చింది. మొదట్లో నాలుగూ జ్వరం, ఒళ్లునొప్పులే కాబట్టి ఏది ఏదో చూసి తేల్చడం కష్టం. అందుకే నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ లాంటివి వాడమన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వద్దన్నారు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది గనుక. మన దగ్గరేమో ఒళ్లునొప్పులనగానే నొప్పి సూది పడుతుంది.

ఇక ప్లేట్లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు. 50 వేల కంటే తగ్గినా, రక్తస్రావం లేకపోతే ఊరికే ఎక్కించొద్దని ఆ మార్గదర్శకాల్లో ఉంది. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా కణాల సంఖ్య కాదు, రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోవడం. అదీ జ్వరం దిగే వేళకు, మూడు నుంచి ఏడో రోజు మధ్యలో మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మబ్బుగా పడి ఉండటం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒకటి వచ్చి పోయినవాళ్లకు వేరే రకం సోకితే ముదిరే అవకాశం ఎక్కువ.

అత్త పక్కింటి పిలగాడికి అయిదో రోజు జ్వరం దిగింది. అయినా కణాల రిపోర్టు పట్టుకుని దవాఖానకు ఉరికారు. డాక్టరు కాగితం పక్కన పెట్టి, వాడి కడుపు నొక్కి చూసి, తల్లిని ఒకటే అడిగాడు: "పొద్దుగాల్నుంచి ఒంటేలుకు ఎన్నిసార్లు పోయిండమ్మా?"