టిప్పుల ఆశ చూపి జీతం కోస్తున్నారు: స్పా థెరపిస్టుల సంపాదనపై అపోహలు, వాస్తవాలు

అపోహ: "జీతం 10,000 అయితేనేం, టిప్పులతో కలిపి నెలకు 18,000 వస్తాయి. చేరిపో."

గచ్చిబౌలిలోనైనా, బంజారాహిల్స్‌లోనైనా కొత్తగా చేరే అమ్మాయిలకు ఈ మాటే చెప్తారు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. టిప్పు కస్టమర్ ఇష్టంతో ఇచ్చేది, జీతం యజమాని బాకీ. కనీస వేతనం యజమాని తన జేబులోంచే ఇవ్వాలి, టిప్పులు కలిపి లెక్క సరిపెట్టడం కుదరదు. అమెరికాలో టిప్పులొచ్చే పనికి యజమాని నేరుగా ఇచ్చేది గంటకు 2.13 డాలర్ల దాకా తగ్గించుకోవచ్చని ఫెడరల్ చట్టంలో ఉంది. అక్కడున్న చుట్టాలు చెప్పింది విని ఇక్కడా అంతే అనుకోకండి.

అసలు దెబ్బ చెయ్యి పనిచేయనప్పుడు తెలుస్తుంది. రోజుకు ఐదారు డీప్ టిష్యూలు (లోపలి కండరాల దాకా గట్టిగా ఒత్తే మసాజ్‌లు) చేస్తే ముందు పోయేవి బొటనవేలి కీలు, మణికట్టు. జబ్బు సెలవులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఇచ్చేది జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. కాగితం మీద 10,000 ఉంటే నెలకు దాదాపు 7,000 చేతికొస్తాయి, టిప్పులు సున్నా. ఆ 18,000 మొత్తం జీతంగానే ఉంటే 12,600 వచ్చేవి. పీఎఫ్ కూడా అంతే: 10,000 మీద మీ 12 శాతం 1,200, జీతం 15,000 అయితే 1,800, యజమాని వాటా కూడా దాన్నిబట్టే. ఏళ్ల తరబడి చేసి మానేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీ లెక్కలోకీ టిప్పు రాదు. 10 మంది పనిచేసే చోట ఈఎస్ఐ, 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. చేరిన మొదటి నెలలోనే మీ ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు రెండూ అడిగి తీసుకోండి. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని భయం ఉంటుంది, తెలుసు. కానీ చెయ్యి వాచాక అడిగితే ఆలస్యమైపోతుంది.

అపోహ: "ఇన్సెంటివ్ 10 శాతమంటే 10 శాతమే."

దేని మీద 10 శాతం? 2,000 మసాజ్‌కు 200 రావాలి. కస్టమర్ 40 శాతం కూపన్‌తో వస్తే 1,200 మీద లెక్కేసి 120 ఇస్తారు. ఒత్తిన గంటలో మాత్రం కూపన్ లేదు. మెంబర్‌షిప్ ప్యాకేజీ సెషన్లకు ఇంకా తక్కువ కట్టే చోట్లున్నాయి. ఆఫర్ లెటర్‌లో "అసలు ధర మీద" అని రాయించుకోండి. కస్టమర్లూ టిప్పు అసలు ధర చూసి ఇస్తే న్యాయం.

అపోహ: "కంప్లైంట్ వస్తే ఆ రోజు జీతం కోసేయొచ్చు." సంజాయిషీ అడగకుండా జరిమానా వేయకూడదు. వేసినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు.

అపోహ: "బిల్లు కట్టాం, అందులో ఆమె వాటా ఉండే ఉంటుంది." జీఎస్టీ ప్రభుత్వానికి పోతుంది, సర్వీస్ చార్జ్ కౌంటర్‌కు పోతుంది. పంచుతారో లేదో అడిగితే తప్పు లేదు.

అపోహ: "టిప్పిస్తే ఇంకేదైనా అడగొచ్చు." అడగకూడదు. ఈ ఒక్క పుకారు వల్ల ఎందరో మర్యాదస్థులు టిప్పు ఇవ్వడానికే సంకోచిస్తున్నారు. ఆ మొహమాటం అక్కర్లేదు. 1,500 నుంచి 2,000 మసాజ్‌కు 100, 200 ఇస్తే మన ఊళ్లో గౌరవమైన టిప్పే, ఇవ్వలేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. సెషన్ అయ్యాక బట్టలు మార్చుకుని బయటికొచ్చి, నోటైతే ఆమె చేతికే ఇవ్వండి. యూపీఐ అయితే ఆమె సొంత క్యూఆర్ అడగండి. రిసెప్షన్‌లో కార్డుతో బిల్లులో కలిపి కట్టిన టిప్పు ముందు కంపెనీ ఖాతాలో పడుతుంది, అక్కణ్ణుంచి ఎప్పుడు కదులుతుందో ఆమెకూ తెలియదు.