డ్రమ్ము గోడకు అంటుకున్న విత్తనాలు

"ఏందబ్బయా, ఆస్పత్రోళ్లు చెప్పినట్టే శుక్రవారం శుక్రవారం డ్రమ్ము బోర్లిస్తానే ఉండా. మళ్లీ ట్యాంకరు నీళ్లు పట్టి మూత పెట్టేస్తా. ఆదివారం మూత తీస్తే పురుగులు లుకలుకలాడతా ఉండాయి. దోమ దూరకుండానే ఇవెట్టా పుట్టాయి?"

కందుకూరులో మా పిన్ని అడిగిన ప్రశ్న ఇది. నాకు భలే నచ్చింది. డెంగీ దోమతో వస్తుందని ఆమెకు తెలుసు. ఆ దోమ కాళ్ల మీద తెల్లచారలుంటాయనీ, పగలే కుడుతుందనీ, మురుగు కాలవలో కాక మంచినీళ్లలో పెరుగుతుందనీ తెలుసు. తెలిసింది చేస్తోంది కూడా. అయినా పురుగులు!

ఖాళీ డ్రమ్ములో తల పెట్టి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. నీళ్లు నిలిచే మట్టం దగ్గర గోడకు పాచి గీత ఉంది. దానికి అంగుళం పైన మసి నలుసుల్లాంటి చుక్కలు. తడి వేలితో తుడిస్తే కదల్లేదు. గోరుతో గీకితే ఊడొచ్చాయి. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు.

మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ గుడ్లన్నిటినీ తెప్పలా కట్టి నీటి మీద వదులుతుంది. నీళ్లు పారబోస్తే అవీ పోతాయి, ఎండితే గంటల్లో చస్తాయి. ఏడిస్ తెలివి వేరు. నీటి అంచుకు కాస్త పైన, తడిసిన గోడకు, ఒక్కో గుడ్డునూ విడిగా అంటిస్తుంది. ఒక విడతకు వంద దాకా పెట్టినా అన్నీ ఒకచోట పెట్టదు. డ్రమ్ములో కొన్ని, గాబులో కొన్ని, పెరట్లో వదిలేసిన రోట్లో కొన్ని. పెట్టినప్పుడు తెల్లగా ఉండి, కాసేపటికి నల్లబడతాయి. బళ్లో మేము దోమ జీవితచక్రం బొమ్మ గీయించేటప్పుడు లార్వాకు, ప్యూపాకు వెంట్రుకలతో సహా మార్కులేస్తాం. గుడ్డు దగ్గర ఒక చుక్క పెట్టిస్తే సరి. కథంతా ఆ చుక్కలోనే ఉంది.

పెట్టిన పది పన్నెండు గంటల్లోపు ఎండితే ఆ గుడ్డు ముడుచుకుపోయి చస్తుంది. ఆ తర్వాత, పిండం చుట్టూ ఉండే సీరోసా అనే కణాల పొర పెంకు కింద ఇంకో తొడుగు అల్లుతుంది. అందులో కైటిన్ ఉంటుంది, మన రొయ్య పెంకులో ఉండేదే. ఆ తొడుగు పడ్డాక లోపలి తడి బయటికి పోదు. రెండు మూడు రోజుల్లో పురుగు లోపలే పూర్తిగా తయారై, పొడిగోడ మీద నెలల తరబడి కాచుకుని ఉంటుంది.

దీన్ని వరి విత్తనంతో పోల్చకుండా ఉండలేను. విత్తనం పొడిగా ఉన్నన్నాళ్లూ బస్తాలో పడి ఉంటుంది, నానబెట్టి మండె కడితే మొలకెత్తుతుంది. దోమ గుడ్డుకు ట్యాంకరు నీళ్లే ఆ నానబెట్టడం. అయితే తడి ఒక్కటే కాదు, నీళ్లలో సూక్ష్మజీవులు పెరిగి, కరిగి ఉన్న ఆక్సిజన్ తగ్గడం కూడా దానికి కబురే. తిండి తయారవుతోందని అర్థం, పురుగు తినేది ఆ సూక్ష్మజీవుల్నే కదా! పైగా అన్నీ ఒకేసారి చిట్లవు. జాగ్రత్తగల రైతు తొలివానకే విత్తనమంతా చల్లడు, కొంత దాచుకుంటాడు. ఇక్కడా అంతే. కొన్ని మొదటి తడికి, కొన్ని రెండో తడికి, మొండివి మూడో తడికి. తుపాను వానకు చేలోనే వెన్ను మొలకెత్తిపోవడం చూసిన నెల్లూరు రైతుకు, తడి తగలగానే మొలవని గింజ విలువ నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం పెట్టిన గుడ్లలో కూడా కొన్ని మన అక్టోబరు, నవంబరు వానల దాకా ఆగగలవు.

చిట్లిన పురుగు దోమై ఎగరడానికి మన వేడికి సుమారు వారం పడుతుంది. వారానికోసారి నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసే 'డ్రై డే' పెట్టింది అందుకే. లెక్క బాగానే ఉంది. కానీ "పారబోయండి" అన్న మాట నేను విన్నన్నిసార్లు "తోమండి" అన్నది వినలేదు. సాయంత్రం వీధిలోకొచ్చే పొగ బండి కూడా ఎగిరే దోమనే చంపుతుంది, గోడ మీద గుడ్డుకు ఏమీ కాదు.

ఇంకో చోటు ఉంది. కొట్లలో గల్లాపెట్టె పక్కన దిష్టికని గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి పొదలకూరు నిమ్మకాయ వేసి పెడతారు. నీళ్లు మారుస్తారు, గ్లాసు తోమరు. దిష్టి పోతుందో లేదో గానీ, ఏడిస్‌కు అంతకన్నా మంచి పురిటిగది దొరకదు.

పిన్ని కొబ్బరిపీచు తీసుకుని డ్రమ్మును అంచు నుంచి అడుగు దాకా బరబరా తోమింది. ఆ నీళ్లు ఎండిన నేల మీద గుమ్మరించింది. పీచును ఎండలో పడెయ్యమన్నాను.

"ఎండినా చావవని ఇప్పుడే చెప్తివి గదా!" అంది.

పీచు నీళ్లపొయ్యిలోకి పోయింది.