సీ డ్రైవ్ కాస్తా డీ అయిందా? ఫార్మాట్ జోలికి పోకండి

"అన్నా, ఎస్‌ఎస్‌డీ వేయించినాను, పది రోజులు బాగానే నడిచింది, ఇప్పుడు పాత డిస్క్ పీకేస్తే లాగిన్ కావట్లేదు, విండోస్ డీ డ్రైవ్‌లోకి పోయిందంట, ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు, నిజమేనా?"

ఈ నెలలో ఇలాంటి ఫోన్ ఇది నాలుగోది. నెల్లూరులో 14 ఏళ్లుగా సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. నేను చూసినంతలో ఈ ఒక్క విషయం తెలియక జనం పోగొట్టుకున్నంత డేటా వైరస్‌ల వల్ల కూడా పోగొట్టుకోలేదు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కొత్త డిస్క్ నుంచే సిస్టమ్ ఆన్ అవుతోంది, ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి, కాబట్టి పాతది ఫార్మాట్ చేసి వాడుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. డిస్క్‌లో ఏ భాగానికి, అంటే ఏ పార్టిషన్‌కి, ఏ అక్షరమో విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో మౌంటెడ్ డివైసెస్ అనే చోట రాసి పెట్టుకుంటుంది. ప్రతి అక్షరం ఎదురుగా ఆ పార్టిషన్ గుర్తింపు ఉంటుంది. డిస్క్‌ని భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్ అయితే అది 12 బైట్లు, అందులో మొదటి నాలుగు డిస్క్ సిగ్నేచర్, అంటే ఆ డిస్క్ గుర్తింపు సంఖ్య, మిగతా ఎనిమిది ఆ పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే లెక్క. కొత్త పద్ధతి జీపీటీ అయితే 24 బైట్లు. పాత డిస్క్‌ని మొత్తంగా కొత్తదానికి కాపీ తీసినప్పుడు (దాన్నే క్లోన్ అంటారు) ఈ పట్టిక కూడా ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌కి వెళ్లిపోతుంది. కానీ అందులో సీ ఎదురుగా ఉండేది పాత డిస్క్ గుర్తింపు. పొలం మారినా పాసుపుస్తకంలో పాత సర్వే నంబరే ఉన్నట్టు.

ఇప్పుడు రెండు డిస్క్‌లూ తగిలించి ఉండగానే మొదటిసారి ఆన్ చేశారనుకోండి. విండోస్ కొత్త డిస్క్ నుంచే లేస్తుంది, పట్టిక చూస్తుంది, పాత డిస్క్ పక్కనే కనిపిస్తుంది కాబట్టి సీ అనే అక్షరం దానికే ఇస్తుంది, కొత్తదానికి డీ అనో ఈ అనో ఇస్తుంది. మీ యూజర్ ప్రొఫైల్ ఎక్కడుందో, ప్రోగ్రామ్‌లు ఎక్కడున్నాయో రిజిస్ట్రీలో రాసి ఉండేదంతా సీ అనే. అంటే లేచింది కొత్త డిస్క్ నుంచి, మీరు రోజూ సేవ్ చేసేది మాత్రం పాత డిస్క్‌లో. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, అదే అసలు ప్రమాదం.

ఇందుకూరుపేట వైపు నుంచి రొయ్యల మేత అమ్మే ఒకాయన సిస్టమ్ సంచిలో పెట్టుకుని వచ్చాడు. ఎక్కడో ఎస్‌ఎస్‌డీ వేయించాడు, 12 రోజులు ట్యాలీలో బిల్లులు కొట్టాడు, తర్వాత ఎవరో పాత డిస్క్ ఊరికే ఎందుకు, పీకి కెమెరాల రికార్డింగ్‌కి వాడుకోమన్నారు. పీకాడు. లాగిన్ కాలేదు. అది ఆయన అదృష్టం, ఎందుకంటే ఆ భయంతో ఫార్మాట్ చేయకుండా ఆగాడు. ఆ 12 రోజుల్లో చెరువుల వాళ్లకు అప్పు మీద ఇచ్చిన మేత లెక్కంతా పాత డిస్క్‌లోనే ఉంది, ఎస్‌ఎస్‌డీలో ఒక్క బిల్లు కూడా లేదు. నేను చూపించినప్పుడు ఆయన కుర్చీ పట్టుకుని అలా నిలబడిపోయాడు.

కావలి నుంచి వచ్చిన ఫొటో స్టూడియో అబ్బాయికి ఆ అదృష్టం లేదు. పాతది అప్పటికే ఫార్మాట్ అయి, దాని మీద కొత్త పెళ్లి వీడియోలు కూడా ఎక్కేశాయి. పోయిన ఫైళ్లను వెనక్కి తీసే ప్రయత్నంలో కొన్ని ఫొటోలు పేర్లు లేకుండా వచ్చాయి, రెండు పెళ్లిళ్లు మాత్రం రాలేదు. ఆ పెళ్లివాళ్లకు ఏం చెప్పాడో నేను అడగలేదు.

కాబట్టి పాత డిస్క్ ముట్టుకునే ముందు ఒక్క పని చేయండి. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల విండో) తెరిచి సెట్ అని రాసి, స్పేస్ ఇచ్చి, సిస్టమ్‌డ్రైవ్ అని కలిపి ఇంగ్లీషులో కొట్టండి. సీ అని వస్తే సరే. ఎప్పుడూ సీ ఉన్న సిస్టమ్‌లో డీ అనో ఈ అనో వస్తే ఆగండి, పాత డిస్క్‌లో ఉన్నదంతా ముందు వేరే డ్రైవ్‌లోకి కాపీ తీయండి. డిస్క్‌లన్నీ చూపించే విండోస్ టూల్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కూడా తెలుస్తుంది, బూట్ అని రాసి ఉన్న పార్టిషన్‌లోనే విండోస్ నడుస్తున్నట్టు.

అపోహ: అక్షరం మారితే ఇక ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయాల్సిందే.

కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విండోస్ ఉన్న డ్రైవ్ అక్షరం మార్చనివ్వదు, అక్కడే చాలామంది చేతులెత్తేసి ఫార్మాట్ అంటారు. మార్చాల్సింది ఆ పట్టికలో. రెండు డిస్క్‌లూ ఉండి లాగిన్ అవుతుంటే, కాపీ తీసుకున్నాక, రిజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, మౌంటెడ్ డివైసెస్ దాకా వెళ్లండి. ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. అక్కడ డాస్‌డివైసెస్ సీ, డాస్‌డివైసెస్ డీ అని వరుసలు ఉంటాయి. సీని వాడుకలో లేని జెడ్‌గా రీనేమ్ చేయండి, డీని సీ చేయండి, జెడ్‌ని డీ చేయండి. పేర్లే మార్చాలి, ఎదురుగా ఉన్న బైట్లు ముట్టుకోవద్దు. తర్వాత షట్‌డౌన్ చేసి, పాత డిస్క్ తీసి, ఆన్ చేయండి.

లాగిన్ కాకపోతే విండోస్ రికవరీలోకి (విండోస్ లేవనప్పుడు మరమ్మతుకు వాడే చోటు) వెళ్లి కమాండ్ ప్రాంప్ట్ నుంచి రెజ్‌ఎడిట్ తెరవాలి. ఇక్కడే కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు పొరపాటు పడతారు. అక్కడ తెరవగానే కనిపించేది రికవరీ తనకోసం వాడుకునే రిజిస్ట్రీ, మీది కాదు, అందులో ఏం మార్చినా రీస్టార్ట్‌తో పోతుంది. లోకల్ మెషీన్ మీద నొక్కి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్‌తో (హైవ్ అంటే రిజిస్ట్రీ దాచిన ఫైలు) మీ విండోస్ ఫోల్డర్, సిస్టమ్ 32, కాన్ఫిగ్ లోపలున్న సిస్టమ్ అనే ఫైలు తెరిచి, దాని కింద కనిపించే మౌంటెడ్ డివైసెస్‌లో ఇదే మార్పు చేసి, అన్‌లోడ్ చేయండి.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి మొదట్నుంచీ సీగా ఉండి తర్వాత మారిన సిస్టమ్‌లకే. ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే విండోస్ డీలో ఉంటే దాన్ని అలాగే వదిలేయండి. అందులో రాతలన్నీ డీ పేరు మీదే ఉంటాయి, సీ చేస్తే బాగున్నది కాస్తా పాడవుతుంది.

మిగతావి త్వరగా.

రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో విండోస్ డీ డ్రైవ్‌లో కనిపించడం తప్పు కాదు. రికవరీ తాను ఎక్స్ అనే అక్షరం మీద నడుస్తూ మిగతావాటికి తన లెక్కలో అక్షరాలు ఇస్తుంది, అది చూసి టెన్షన్ పడకండి. అక్షరం మారడం వైరస్ పని కాదు. డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మొదటి పోర్టులో పెడితే సీ వస్తుందన్నది కూడా ఉత్త మాటే. రెండో డిస్క్ ఆఫ్‌లైన్ అని చూపిస్తే అది పాడైనట్టు కాదు, క్లోన్ వల్ల రెండింటికీ ఒకే సిగ్నేచర్ వచ్చి ఉండొచ్చు.

ఇక ముందు డిస్క్ మార్పించుకునేవాళ్లకు. క్లోన్ అయిన వెంటనే షట్‌డౌన్ చేయించండి, పాత డిస్క్ కేబుల్ పీకించండి, మొదటి బూట్ కొత్త డిస్క్ ఒక్కదానితోనే చేయించండి, మీ కళ్లెదుటే. విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే పని మొదలెట్టక ముందే డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. పాత డిస్క్ కనీసం ఒక నెల బీరువాలో ఉంచండి. మేత షాపు ఆయన తన పాత డిస్క్ ఇప్పటికీ కవర్‌లో చుట్టి క్యాష్ డ్రాయర్‌లో పెట్టుకున్నాడు, అమ్మమన్నా అమ్మడం లేదు.