హత్షెప్సుత్ గడ్డం, దాని పక్కన ఉన్న రొట్టె: అపోహలు - వాస్తవాలు

ప్రాచీన ఈజిప్టు రాతలు చదవడం, చదివించడం నా పని. క్లాసులో కొత్తగా చేరినవాళ్ళు మొదట అడిగేది, ప్రాచీన ఈజిప్టుని రాజుగా ఏలిన ఆడమనిషి హత్షెప్సుత్ గురించే, "మగవేషం వేసి జనాన్ని మోసం చేసిన రాణి ఆవిడే కదా" అని. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే ఆవిడ దాచింది ఏమీ లేదు, రాతి మీదే చెక్కించి పెట్టింది.

బొమ్మల్లో గడ్డం ఉన్నమాట నిజమే, కిరీటం లాగే అదీ రాజరికానికి గుర్తు, తగిలించుకునేది. కానీ పక్కనున్న రాత చూడండి. ఆ భాషలో ఆడవాళ్ళకి వాడే మాట చివర 'త్' వస్తుంది, దాని గుర్తు అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న రొట్టె. 'స' అంటే కొడుకు, 'సత్' అంటే కూతురు. రాజులు 'రే దేవుడి (సూర్యుడి) కొడుకు' అని రాయించుకుంటే ఈవిడ 'రే దేవుడి కూతురు' అని రాయించుకుంది. ఇందులో మోసం ఎక్కడుందో చెప్పండి.

ఇంకో అపోహ, ఆవిడ బిరుదు 'రాణి' అని. మన రాణికి సరిగ్గా సరిపోయే మాటే వాళ్ళకి లేదు, 'రాజు భార్య' అనేవాళ్ళు. మొదటి థుత్మోస్‌కి కూతురు, రెండో థుత్మోస్‌కి సోదరి, పట్టపు భార్య, అంటే బిరుదులన్నీ ఎవరో ఒక రాజు పేరు మీద వచ్చినవే. ఒక్కటి తప్ప, 'అమున్ దేవుడి భార్య'. దీన్ని ఏదో గుడి మర్యాద అనుకుంటారు గానీ ఆ పదవికి సొంత భూములు, సిబ్బంది ఉండేవి, అందుకే భర్త పోయాక పసివాడైన సవతి కొడుకు మూడో థుత్మోస్ తరఫున పాలించిన రోజుల్లో ఆవిడ ఎక్కువగా వాడింది ఇదే, తనే రాజయ్యాక కూతురు నెఫెరురేకి ఇచ్చేసింది.

ఆ సవతి కొడుకు సింహాసనం లాక్కుంది, అతను పగబట్టి పేరు చెరిపేశాడు అనే కథ బాగా పాకిపోయింది. క్రీ.పూ. 1479 నుంచి 1458 దాకా ఇద్దరి పాలనా సంవత్సరాల లెక్క ఒక్కటే, కర్నాక్ ఆలయాల్లోని ఎర్రరాతి గుడిలో ఇద్దరినీ కలిపి చెక్కారు. చెరపడం మొదలైంది ఆవిడ పోయిన దాదాపు ఇరవై ఏళ్ళకి. పగే అయితే అన్నేళ్ళు ఆగుతాడా? తన కొడుకు రెండో అమెన్‌హోతెప్‌కి వారసత్వం గట్టి చెయ్యడానికే అని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

ఆ చెరపడం కూడా పూర్తిగా జరగలేదు. దెయిర్ ఎల్ బహ్రీలో ఆవిడ కట్టించిన గుడి గోడల మీద ఆవిడ పేరు ఉలితో చెరిపేసి తండ్రిదో భర్తదో పెట్టారు, చుట్టూ ఉన్న మాటల చివర రొట్టె గుర్తులు మాత్రం చాలాచోట్ల అలాగే వదిలేశారు. 1829లో ఈ ప్రాచీన లిపిని మొదట చదవగలిగిన ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ అక్కడికి వెళ్ళి, గడ్డం ఉన్న రాజు గురించి ఆడమాటల్లో ఎందుకు రాశారో అర్థంకాక ఆశ్చర్యపోయింది వాటిని చూసే.